ఆయమ్మ తోమిన చెట్టు

వ్యాను పక్క అద్దం మళ్ళీ విరిగింది. కొడుకు ఆ ముక్కను తెచ్చి వంటింటి గట్టు మీద టీ గిన్నె పక్కన పెట్టాడు, తల్లీ పెళ్ళామూ కలిసి విరగ్గొట్టినట్టు.

"చూడండి ఇద్దరూ. వీధిలో పెడితే ఇదీ వరస. మొన్న ఆ వైపు, ఇవాళ ఈ వైపు. రేపు చక్రాలు కూడా ఊడదీసుకుపోతారు. కంపెనీవాళ్ళకి ఏమని చెప్పను?"

అతను బేకరీ కంపెనీ వ్యాను నడుపుతాడు. ఈమధ్య కంపెనీవాళ్ళు బండ్లు ఎవరింట్లో వాళ్ళే పెట్టుకోవాలని కొత్త రూలు పెట్టారు. ఇంటి ముందు జాగా లేకపోలేదు. గేటూ పెద్దదే. కానీ గేటు దాటగానే ఎడమ పక్క కోడలి చెట్టు, కుడి పక్క తల్లి బట్టలుతికే గచ్చు. మధ్యలో సైకిలు పడుతుంది కానీ వ్యాను పట్టదు.

"ఆ చెట్టు తీసేస్తే హాయిగా పడుతుంది," అన్నాడు.

కోడలు అన్నం డబ్బా సర్దుకుంటోంది. ఆమె బజారులో కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ సన్నటి తెల్ల పొడి ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

"ఇంకొక్క ఏడాది చూద్దామండీ," అంది తలెత్తకుండా.

"పోయినేడాదీ ఇదే మాట. అంతకుముందేడాదీ ఇదే మాట. నీ చెట్టుకి ఏడాదులు ఇచ్చీ ఇచ్చీ నాకు జుట్టు ఊడిపోయింది."

"ఆలస్యంగా కాస్తుందని అమ్మినతను ముందే చెప్పాడు కదా."

"అమ్మేవాడు ఏదైనా చెప్తాడు. వాడికేం, మొక్క అమ్ముకుని ఇంటికెళ్ళి పడుకున్నాడు. నీళ్ళు పోసింది మనం." కాస్త మెత్తబడి తల్లి వైపు తిరిగాడు. "అమ్మని అడుగుదాం. అమ్మ ఎలా అంటే అలా."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ టీ వడపోస్తూ ఉంది. చుక్క కింద పడనివ్వకుండా మూడు గ్లాసుల్లోనూ పోసి, వడకట్టు దులిపి, గిన్నె అక్కడికక్కడే కడిగి బోర్లించింది. పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయింది ఆవిడ. వీధంతా ఆయమ్మ అనే పిలుస్తారు. ఆ పిలుపు తప్ప వేరే పేరుందన్న సంగతి ఆవిడకే గుర్తు రాదు. ఆవిడ తుడిచిన మంచం మీద డాక్టర్లు అనుమానం లేకుండా కూర్చునేవాళ్ళు. ఇప్పటికీ ఇంట్లో ఏ వస్తువు మురికి, ఏది శుభ్రం అన్నదానికి ఆవిడ మాటే చివరి మాట.

"కొట్టించెయ్యి," అంది ఆయమ్మ. "కాయా లేదు, పండూ లేదు. ఉన్నదల్లా తెగులు. ఏటా ఆ మాను నిండా తెల్లటి పీడ. తోమీ తోమీ నా భుజాలు పడిపోతున్నాయి. ఆసుపత్రిలో కూడా ఇంత తోమలేదు నేను."

కోడలు డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పట్టలేదు. తీసి మళ్ళీ పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కింది. టీ గ్లాసు అక్కడే వదిలేసి చెప్పులేసుకుంది.

"వెళ్ళొస్తానత్తయ్యా."

రోజూ చెప్పే మాటే. కానీ రోజూ మొహంలోకి చూసి చెప్తుంది. ఇవాళ గుమ్మానికి చెప్పి వెళ్ళింది.

"ఆదివారం చెట్లు కొట్టే అతన్ని రమ్మంటాను," అన్నాడు కొడుకు, విరిగిన అద్దం ముక్క చేతిలోకి తీసుకుని.

ఆయమ్మ ఆ మిగిలిన టీ తాగేసింది, పారబొయ్యడం ఇష్టం లేక. అది చేదుగా అనిపించింది. కోడలు ఎదురు తిరిగి నాలుగు మాటలు అరిచి ఉంటే ఇంత చేదుగా ఉండేది కాదేమో అనుకుంది.

ఆ చెట్టు పేరు మొదట్లో ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. కోడలు మొక్కల ప్రదర్శనకి వెళ్ళి, పుల్లంత మొక్కను కుండీతో సహా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. మొక్కకు కట్టిన అట్ట మీద బొమ్మ ఉంది. నల్లటి గుండ్రటి పళ్ళు కొమ్మల చివర కాదు, మానుకే అంటుకుని, చొక్కాకి బొత్తాలు కుట్టినట్టు వరసగా ఉన్నాయి.

"జబోటికాబా అంటారటత్తయ్యా. ఎక్కడో సముద్రాలవతల చెట్టు. పండు ద్రాక్షలా ఉంటుందట."

"జబ్బూ టీకా రెండూ ఒకే పేరులో పెట్టుకున్న చెట్టును నేనెక్కడా చూళ్ళేదు," అంది ఆయమ్మ. వీధి వీధంతా ఆ మాట తిరిగింది. గోడ అవతల పిండిమర నడిపే ఆవిడ ఇప్పటికీ "మీ టీకాల చెట్టు ఎలా ఉంది?" అనే అడుగుతుంది.

చెట్టు నెమ్మదిగా పెరిగింది. ముందు మందారం మొక్కంత, తరవాత మనిషంత, ఇప్పుడు గోడ దాటింది. బెరడు జామ చెట్టులా నున్నగా ఉంటుంది, పొలుసులుగా ఊడుతుంది. కొన్నేళ్ళుగా వానలు పడి తెరిపివ్వగానే ఆ మాను మీద తెల్లటి చుక్కలు లేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో దూది పింజల్లా విచ్చుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఆయమ్మకి పాత మందారం గుర్తొచ్చింది. అంతకుముందే ఆవిడ మందారాన్ని పిండినల్లి పట్టి తినేసింది. అచ్చం ఇలాగే, కణుపు కణుపునా తెల్లటి దూది. పోనీలే అని ఊరుకుంటే చెట్టంతా మాడిపోయి పుల్లయింది.

ఈసారి ఊరుకోలేదు. వార్డులో రోగం కంటికి కనిపించిన పూటే తుడిచెయ్యాలి, పక్క మంచానికి పాకనివ్వకూడదు అని నేర్చుకున్న మనిషి. తెల్లారగట్టే లేచి, సబ్బు నీళ్ళు కలిపి, కొబ్బరి పీచుతో మానంతా తోమేసింది. కోడలితో "నీ చెట్టుకి పిండినల్లి పట్టింది, నేను చూసుకుంటాలే" అని చెప్పింది. కోడలు ఎంత సంబరపడిందంటే, మర్నాడే బజారు నుంచి వేపనూనె సబ్బు తెచ్చి ఇచ్చింది. "మీరు లేకపోతే నా చెట్టు ఏమైపోయేదో," అంది. అప్పట్నుంచీ ఏటా అదే వరస. తెల్ల చుక్క కనిపిస్తే చాలు, పీచు తీసుకునేది. కోడలు ఆదివారాలు మాను చుట్టూ తిరిగి, కాయ కోసం వేళ్ళతో తడిమి చూసుకునేది. మాను అద్దంలా ఉండేది.

*

మర్నాడు కుళాయి రాలేదు. ఎక్కడో గొట్టం పగిలిందట. ఆయమ్మ బకెట్టు కుళాయి కింద పెట్టి, గచ్చు మీద కూర్చుని ఎదురు చూసింది. నీళ్ళు వచ్చేసరికి కొడుకూ కోడలూ పనికి వెళ్ళిపోయారు, ఎండ గోడ దిగి ముంగిట్లోకి వచ్చేసింది.

ఆదివారం కొట్టేసే చెట్టును ఇవాళ తోమడం ఎందుకు అనుకోలేదు ఆవిడ. రేపు ఇంటికి పంపించే రోగికైనా ఇవాళ ఒళ్ళు తుడవాల్సిందే కదా. పైగా ఈసారి తెలుపు మరీ ఎక్కువగా ఉంది. మొదలు దగ్గర్నుంచి కొమ్మల దాకా నురగ పట్టినట్టుంది. పోయినవారం కురిసిన వానలకి రోగం పెచ్చుమీరిందనుకుంది.

పీచు ముంచి, పిండి, మాను పట్టుకుని పై నుంచి కిందికి రుద్దింది. తరవాత అడ్డంగా. తరవాత మంచినీళ్ళు, ఆపైన పొడిగుడ్డ. మంచం కోళ్ళు తుడిచే పద్ధతి అది. తెల్లటి నూగు జల్లుగా రాలి బకెట్టులో తేలింది. నడుం పట్టేసి, పీచును గచ్చు అంచున పెట్టి నిటారుగా నిలబడింది. పైన రెండు కొమ్మలు మిగిలాయి, కుర్చీ ఎక్కితే గానీ అందవు.

అప్పుడు వినిపించింది ఝుమ్మని. బకెట్టు మీద ఒక తేనెటీగ తిరుగుతోంది. ఇంకొకటి వచ్చింది. ఆవిడ చెయ్యి విసిరింది. అవి పోలేదు. ఒకటి నేరుగా వెళ్ళి తడి పీచు మీద వాలింది. వాలి, పీచు సందుల్లో ఇరుక్కున్న తెల్ల నూగులో తల దూర్చింది.

"నీకేం రోగమే, సబ్బు తాగుతావా?" అంది ఆయమ్మ.

తేనెటీగ ఆవిడ మాట పట్టించుకోలేదు. ఒక పింజ నుంచి ఇంకో పింజకి పాకింది. కాళ్ళకి పసుప్పచ్చగా ఏదో అంటింది.

ఆయమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పిండినల్లికి చీమలు పడతాయి. మందారానికి పట్టినప్పుడు చీమలు బారులు కట్టాయి, తనే చూసింది. తేనెటీగ ఒక్కటి కూడా అటు రాలేదు. ఆవిడ వంగి బకెట్టులోంచి ఒక పింజ తీసింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. పిండినల్లి నలిపితే జిగురు అంటుతుంది. ఇది అంటలేదు. తల వెంట్రుకల కంటే సన్నటి పోగులు, వాటి కొసన పొడి. వేలికి పసుపు రాసినట్టయింది.

ముక్కు దగ్గర పెట్టుకుంది. వార్డులో సగం పని ముక్కుతోనే చేసింది ఆవిడ. కట్టు విప్పకముందే ఏ పుండు మానుతోందో, ఏది చీము పట్టిందో చెప్పేది. తెగులుకి తెగులు వాసన ఉంటుంది, అది ఎక్కడున్నా దాగదు. సబ్బు వాసన కింద నుంచి వచ్చింది వేరే వాసన. తియ్యగా, పల్చగా, తేనెలా.

ఆవిడ మెల్లిగా వెనక్కి నడిచి గచ్చు మీద కూర్చుంది.

కాయలు మానుకే కాస్తాయని కోడలు చెప్పింది. అట్ట మీద బొమ్మ తనూ చూసింది. అయినా పువ్వు అంటే కొమ్మ చివర, ఆకుల మధ్య పూస్తుందనే అనుకుంది. కాయ మానుకి కాస్తే పువ్వు ఎక్కడ పూస్తుంది అని ఏ రోజూ ఆలోచించలేదు. పూత కోసం అందరూ తల పైకెత్తి చూశారు. అది తన చేతి కిందే పూసింది, తన చేతి కిందే రాలింది.

తోమిన మాను ఎండలో మెరుస్తోంది. ఒక్క చుక్క లేదు. ఇంత శుభ్రమైన పని ఆవిడ ఈమధ్య చెయ్యలేదు.

బకెట్టు కాలవలో కుమ్మరించబోయి ఆగింది. ఆ నీళ్ళు అలా తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోసింది. ఎందుకు పోసిందో తెలీదు. చిందిన పిండిని మళ్ళీ డబ్బాలోకి ఎత్తినట్టు.

"ఏంటి ఆయమ్మా, చచ్చేదానికి స్నానం చేయిస్తున్నావా?" గోడ మీంచి పిండిమర ఆవిడ తల కనిపించింది. జుట్టంతా పిండి. "ఆదివారమేనటగా? కట్టెలు ఎవరికీ మాటివ్వకు. నాకు కావాలి."

"నీకెవరు చెప్పారు?"

"నీ కొడుకే. అమ్మ ఒప్పుకుందని ఎగిరి గంతేస్తున్నాడు. పాపం, నీ కోడలే ఏడుపు మొహంతో వెళ్ళింది. అయినా నువ్వు అన్నది నిజమేలే. కాయని చెట్టు, కడగలేక చావు."

ఆ మాటలన్నీ తనవే. అవి గోడ దాటి వెళ్ళి, పిండి పూసుకుని తిరిగొచ్చాయి. ఆయమ్మ లోపలికి వెళ్ళి, చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుంది.

*

సాయంత్రం కోడలు వచ్చి సంచి కింద పెట్టకుండానే చెట్టు దగ్గరికి వెళ్ళింది. మసక పడుతోంది. మాను మీద చెయ్యేసి కాసేపు నిలబడింది. పైకి చూడలేదు.

ఆయమ్మ గుమ్మంలో బియ్యం చాటతో నిలబడి అదంతా చూసింది. ఒక్క మాట చాలు. నోరు తెరిస్తే అయిపోతుంది. కానీ ఆ మాట నోట్లో రాయిలా ఉంది. కొత్తగా చేరిన ఆయాలకి పని నేర్పమని ఈవిడ దగ్గరికే పంపేవాళ్ళు. ఆయమ్మ చేతిలో తప్పు జరగదు అన్న మాట మీదే ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ నడిచింది. ఆదివారం చెట్టు పోతే ఈ సంగతి చెట్టుతోనే పోతుంది. ఎవరికీ తెలీదు. తెలిసే దారే లేదు.

"అత్తయ్యా," అంది కోడలు లోపలికొస్తూ. గొంతు మామూలుగానే ఉంది. "ఒక కొమ్మ కోసి కుండీలో పెడితే బతుకుతుందంటారా?"

"ఏమో."

"మీ చేత్తో పెడితే బతకొచ్చు. మీరే కదా దాన్ని ఇన్నాళ్ళూ తెగులు లేకుండా కాపాడింది."

ఎత్తిపొడుస్తోందా అని ఆయమ్మ మొహంలోకి చూసింది. లేదు. నిజంగానే అంటోంది. ఎత్తిపొడిచినా బాగుండేది. ఆవిడ చాట కింద పెట్టి, అప్పటికే ఏరిన బియ్యాన్ని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

ఆ మర్నాడు ఇల్లు ఖాళీ అయ్యాక ఆయమ్మ వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి చెట్టు కింద వేసింది. మోకాళ్ళు మొరాయించాయి. చెట్టు కొమ్మ ఒకటి పట్టుకుని, ఒక కాలు, తరవాత రెండో కాలు, పళ్ళు బిగపట్టి ఎక్కింది. కుర్చీ వణికింది, ఆవిడా వణికింది.

మిగిలిపోయిన ఆ రెండు కొమ్మలూ మొహానికెదురుగా ఉన్నాయి. నిన్నటి తెలుపు ఇవాళ లేదు. పోగులు గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి, ఊదితే రాలుతున్నాయి. అయ్యో, ఇవీ పోయాయా అనుకుంటూ ఒకదాన్ని వేలి కొసతో పక్కకి తోసింది. కింద ఏదో గట్టిగా తగిలింది.

చంటిబిడ్డ చిగుళ్ళ మీద వేలు పెట్టి చూస్తే మొదటి పన్ను తగిలినట్టు.

కళ్ళు చికిలించి చూసింది. ఆకుపచ్చటి పూస. ఆవగింజ కంటే కాస్త పెద్దది, బెరడుకి అంటుకుని ఉంది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన రెండు. కొమ్మ పొడుగునా వేలు నడిపింది. తగుల్తూనే ఉన్నాయి.

"ఓరి దేవుడా," అంది ఆయమ్మ. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆ కుర్చీ మీద రెండింటికీ చోటు లేదు. జాగ్రత్తగా దిగింది.

కొడుకు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అన్నం వడ్డిస్తూ అంది, "ఒరేయ్, ఆ చెట్టు సంగతి ఇంకోసారి ఆలోచించకూడదూ?"

అతను ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "నువ్వే కదమ్మా కొట్టించెయ్యమన్నావు!"

"అన్నాననుకో."

"అతనికి మాటిచ్చేశాను. కంపెనీలో కూడా చెప్పేశాను, సోమవారం నుంచి బండి ఇంట్లోనే అని. ఇప్పుడు కాదంటే వ్యాను నెత్తి మీద పెట్టుకోనా? ఉన్నట్టుండి నీకేమొచ్చింది?"

అతని మాటలో తప్పేం లేదు. ఆయమ్మ "ఏం లేదులే, తిను" అంది. ఇంకో గరిటె కూర వేసింది. అతను వద్దంటున్నా వేసింది.

*

ఆదివారం చెట్లు కొట్టే అతను సైకిలు మీద వచ్చాడు. వెనక రంపం గోనెగుడ్డలో చుట్టి ఉంది, పక్కన గునపం, భుజాన తాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మాను మీద అరచేత్తో తట్టాడు.

"మంచి మాను. ఎవరో గానీ బాగా చూసుకున్నారు. ఎంత నున్నగా ఉంది! పిడులకి పనికొస్తుంది."

"కట్టెలు నావి," అంది గోడ మీంచి పిండిమర ఆవిడ. తెల్లారినప్పట్నుంచీ అక్కడే ఉంది.

కోడలు బయటికి రాలేదు. లోపల మంచం మీద బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఆయమ్మ ఆ గది గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చింది.

అతను తాడు విసిరాడు. తాడు పైకొమ్మ మీద పడింది, ఆ రెండు కొమ్మల్లో ఒకదాని మీద. బిగించడానికి లాగాడు. కొమ్మ వంగింది, తాడు బెరడు మీద రాసుకుంది.

"ఆగు!"

వార్డు అంతటికీ వినిపించే గొంతు అది. చాలా ఏళ్ళుగా వాడలేదు. అతను తాడు వదిలేశాడు. కొడుకు ఉలిక్కిపడ్డాడు. లోపల బట్టల చప్పుడు ఆగింది.

"ఆ గునపం దేనికి తెచ్చావు?" అంది ఆయమ్మ మెట్టు దిగుతూ.

"వేళ్ళు తవ్వడానికమ్మా."

"రాయి పగులుతుందా దాంతో?"

"పగలకేం?"

"అయితే అటు తిరుగు. ఆ గచ్చు పగలగొట్టు."

ఆ గచ్చు ఆయమ్మ రాజ్యం. కుళాయి స్తంభం, దాని కింద అరిగి నున్నబడిన రాతి బండ, చుట్టూ సిమెంటు అరుగు. ఆ ఇంట్లో ఎవరూ దాని మీద చెప్పులతో నిలబడేవాళ్ళు కాదు. చెట్టు తీసేద్దామన్నవాళ్ళకి గచ్చు తీసేద్దామన్న ఆలోచన కలలో కూడా రాలేదు.

"అమ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు కొడుకు.

"బండి పట్టడానికి ఒకటి పోతే చాలు కదా. అదే పోవాలని ఎక్కడుంది? ఇది పోనీ." గుమ్మం వైపు తిరిగింది. "అమ్మాయ్! ఇలా రా. ఆ కుర్చీ పట్టుకురా."

కోడలు కుర్చీతో వచ్చింది. ఏం జరుగుతోందో అర్థం కాక భర్త వైపు చూసింది. అతను భుజాలు ఎగరేశాడు.

"ఎక్కు. ఆ కొమ్మ మీద వేలు పెట్టి చూడు. మెల్లగా."

కోడలు ఎక్కింది. అద్దంలో గీత వెతికేటప్పుడు చూసినట్టు, మొహం బాగా దగ్గరికి పెట్టి చూసింది. వేలు ఒకచోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"కాయ," అంది. "ఏవండీ, కాయ. ఇదిగో ఇంకోటి. ఇవన్నీ... అత్తయ్యా, ఇవన్నీ కాయలే!"

"అవును."

"మరి కింద మాను మీద ఒక్కటీ లేదేం?"

ఆయమ్మ చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది, ఇన్‌స్పెక్షనుకి పెద్ద డాక్టరు వచ్చినప్పుడు నిలబడినట్టు.

"నేను తోమేశాను. ఆ తెల్లటిది తెగులు కాదు. పూత. మొన్నే తెలిసింది. పోయినేడాది తోమిందీ పూతే, ఆ ముందేడాది తోమిందీ పూతే. నీ చెట్టు ఏటా పూస్తూనే ఉంది. కాయనివ్వనిది నేను."

గోడ మీంచి "హమ్మా!" అని ఒక్క మాట వినిపించింది. కొడుక్కి నవ్వొచ్చినట్టుంది. పెళ్ళాం మొహం చూసి మింగేశాడు.

కోడలు కుర్చీ దిగింది. "ఇన్నేళ్ళూనా అత్తయ్యా?"

"ఇన్నేళ్ళూ."

"నేను వేపనూనె సబ్బు కూడా తెచ్చిచ్చాను."

"తెచ్చావు. అదీ వాడాను."

కోడలు ఏదో అనబోయింది. తనని ఇన్నేళ్ళుగా అన్న మాటలన్నీ తిరిగి ఇచ్చెయ్యడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. ఆయమ్మ కూడా వాటికోసమే తల వంచుకుని నిలబడింది. కానీ కోడలు చెట్టు దగ్గరికి వెళ్ళి కొమ్మ మీద తాడు విప్పి, చుట్ట చుట్టి ఆ మనిషి చేతిలో పెట్టింది.

"ఇక మీదట నా చెట్టును నేనే చూసుకుంటాను," అంది అత్తగారితో. "మీరు చెయ్యి వెయ్యొద్దు. నీళ్ళు కూడా నేను చెప్పినప్పుడే."

ఆ ఇంట్లో ఆయమ్మకి అలా చెప్పినవాళ్ళు లేరు.

"అలాగే," అంది ఆయమ్మ.

కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

"నేను చెట్లు కొట్టేవాణ్ణమ్మా," అన్నాడు అతను నెత్తి గోక్కుంటూ. "గచ్చులు కొట్టడం మేస్త్రీ పని."

"కొట్టడం కొట్టడమే. టీ ఇస్తాను, కానీ."

బండ ఒక పట్టాన లేవలేదు. కొడుకు కూడా చొక్కా విప్పి గునపం అందుకున్నాడు. సిమెంటు పెళ్ళలు లేస్తుంటే ఆయమ్మ కళ్ళు తిప్పుకోకుండా చూసింది. కుళాయి గొట్టాన్ని గోడ దాకా కోసి మూత బిగించారు. చెత్తంతా ఎత్తాక ముంగిలి కొత్తగా, బోసిగా కనిపించింది. కొడుకు వ్యాను తెచ్చి వెనక్కి నడిపాడు. పిండిమర ఆవిడ గోడ మీంచి "రానీ, రానీ, ఇంకొంచెం, ఆ, చాలు చాలు!" అని చేతులూపింది. బండి చెట్టుకి జానెడు ఎడంగా వచ్చి నిలిచింది.

"పట్టింది," అన్నాడు కొడుకు కిందికి దూకి. తల్లి దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు, "అమ్మా, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలిసేది కదరా," అంది ఆయమ్మ. "పో, చేతులు కడుక్కో. మోచేతుల దాకా."

*

ఎండ తిరిగాక ఆయమ్మ స్నానాలగదిలో పీట వేసుకుని దుప్పట్లు ఉతికింది. గోడకి మోచెయ్యి కొట్టుకుంటోంది, నీళ్ళన్నీ కాళ్ళ మీదికే వస్తున్నాయి. ఎవరూ లేరు కదా అని గట్టిగానే సణుక్కుంది. ఉతకడం ఎలాగో అయింది. పిండడమే కుదరలేదు. ఇన్నాళ్ళూ దుప్పటి ఒక కొసను కుళాయి స్తంభానికి చుట్టి, రెండో కొస మెలిపెట్టేది. ఇప్పుడు చుట్టడానికి స్తంభం లేదు. నీళ్ళోడుతున్న దుప్పటిని ఎత్తుకుని ముంగిట్లోకి వచ్చి, దేనికి చుట్టాలా అని అటూ ఇటూ చూసింది. చెట్టు వైపు చూసి వెంటనే కళ్ళు తిప్పుకుంది.

రెండో కొసను ఎవరో అందుకున్నారు.

కోడలు రెండడుగులు వెనక్కి నడిచింది. దుప్పటి ఇద్దరి మధ్యా సాగింది. ఆయమ్మ కుడికి మెలిపెట్టింది, కోడలు ఎడమకి. దుప్పటి తాడయింది. నీళ్ళు జలజలా కారాయి. ఇంకో మెలిక. ఇంకోటి. కోడలి ముంజేతులు ఇంత బలంగా ఉంటాయని ఆయమ్మ ఎప్పుడూ గమనించలేదు.

"ఒక మాట అడగనా అత్తయ్యా?" దుప్పటి బిగువు వదలకుండానే అంది.

"అడుగు."

"కిందంతా తోమారు. ఆ పైకొమ్మలు రెండూ ఎందుకు వదిలేశారు? అప్పటికే మీకు అనుమానం వచ్చిందా?"

ఆయమ్మకి ఒక మంచి దారి కనిపించింది. అవునంటే సరిపోతుంది. పోయిన పరువులో కాస్తయినా వెనక్కి వస్తుంది. దుప్పటి కొసను ఇంకోసారి చేతికి చుట్టుకుంది.

"అనుమానం లేదు, పాడూ లేదు," అంది. "కుర్చీ ఎక్కాలంటే మోకాళ్ళు నొప్పి. రేపు చూద్దాంలే అనుకున్నాను." ఆ తరవాతి మాట పువ్వుల సంగతి కంటే కష్టంగా వచ్చింది. "బద్ధకించానే."

కోడలు ఆవిడ వైపు చూసింది. ఈ మనిషి నోట ఆ మాట. సగం తుడిచిన మంచం వదిలి అన్నానికి లేవని మనిషి. కోడలి మొహంలో పొద్దుటినుంచీ బిగుసుకున్నదేదో ముందు కళ్ళ దగ్గర వదులైంది, తరవాత నోటి దగ్గర. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. చేతిలో కొస జారబోతే గుండెకి అదుముకుని పట్టుకుంది.

"ఆ బద్ధకమేదో మూడేళ్ళ కిందట వచ్చి ఉంటే," అంది నవ్వు మధ్యలో, "ఈపాటికి పళ్ళు తిని మొహం మొత్తేది కదత్తయ్యా!"

"వస్తుందిలే. వయసు పెరుగుతోందిగా, రోజూ వస్తుంది," అంది ఆయమ్మ. "గట్టిగా పట్టుకోవే, ఇంకా నీళ్ళున్నాయి."